గోడ మీద టీవీ సరే, అందులోకి వచ్చే లెక్క ఎవరు రాస్తున్నారు?

ప్రశ్న: మాది విజయవాడ. మా బావగారూ నేనూ కలిసి ఐటీ సర్వీసు సంస్థ నడుపుతున్నాం. 11 మంది పనిచేస్తారు. ఆస్పత్రులు, కాలేజీలు, ఆడిటర్ల ఆఫీసులు, గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలు కలిపి 40 మంది కస్టమర్లు, సుమారు 900 కంప్యూటర్లు. కంప్యూటర్‌కు నెలకు ఇంత అని బిల్లు వేస్తాం. టికెట్లకు (ఒక్కో ఫిర్యాదు నమోదుకు) జోహో డెస్క్, కంప్యూటర్లను దూరం నుంచి చూసుకోవడానికి ఒక ఆర్‌ఎంఎం, బిల్లులకు ట్యాలీ వాడుతున్నాం. ఈమధ్య ఒక పెద్ద ఆస్పత్రివాళ్లు ప్రతి నెలా పనితీరు రిపోర్టు ఇస్తేనే కాంట్రాక్టు రెన్యూ చేస్తామన్నారు. పని లెక్కలన్నీ ఒకే తెర మీద చూపే డ్యాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ కోసం మూడు డెమోలు చూశాం: అమెరికాలో మాలాంటి సంస్థల కోసమే తయారుచేసినది ఒకటి, జోహో అనలిటిక్స్, పవర్ బీఐ. బావగారు పవర్ బీఐ ఉచితం కదా అంటున్నారు. నాకు మొదటిది నచ్చింది. ఆఫీసు గోడకు 55 అంగుళాల టీవీ కూడా బిగించాం. మా కుర్రాళ్లకు సగం ఫిర్యాదులు నేరుగా ఫోన్లోనో వాట్సాప్‌లోనో వస్తాయి, అదొక్కటే ఇబ్బంది. ఏది కొనమంటారు? (పేరు వద్దన్నారు)

సమాధానం:

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివర్లో, ‘అదొక్కటే ఇబ్బంది’ అంటూ వచ్చింది. వాట్సాప్‌లో వచ్చి, అక్కడే పరిష్కారమై, అక్కడే మరుగున పడిపోయే పనిని ఏ డ్యాష్‌బోర్డూ చూపించలేదు. ఈ నెల మీరు ఏది కొన్నా అది మీ పనిలో సగాన్నే చూపిస్తుంది. పైగా ఆ సగం అందరు కస్టమర్ల దగ్గరా ఒకేలా ఉండదు. కాలేజీలో ల్యాబ్ ఇన్‌ఛార్జి పద్ధతిగా ఈమెయిల్ పంపుతాడు కాబట్టి ఆయన సమస్యలన్నీ లెక్కకెక్కుతాయి. కోల్డ్ స్టోరేజీ యజమాని మీ కుర్రాడికి నేరుగా ఫోన్ కొడతాడు కాబట్టి అక్కడ అసలు సమస్యలే లేనట్టు కనిపిస్తుంది. ఆ బొమ్మను నమ్మి కాలేజీకి రేటు పెంచి, కోల్డ్ స్టోరేజీకి తగ్గించారనుకోండి. కాలేజీవాళ్లు నొచ్చుకుంటారు, కోల్డ్ స్టోరేజీ దగ్గర మీ జేబుకు చిల్లు పడుతుంది.

ఏది కొనాలని సూటిగా అడిగారు కాబట్టి నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ పరిస్థితికి జోహో అనలిటిక్స్. అయితే ఈ నెల కాదు. ఒక మూడు నెలలు జోహో డెస్క్‌లోనే ఉన్న రిపోర్టులతో నడపండి. ఆస్పత్రి అడిగిన రిపోర్టుకు అవి చాలు. ఈ మూడు నెలల్లో ప్రతి ఫోనూ, ప్రతి వాట్సాప్ సందేశమూ టికెట్ అయ్యేలా చూడండి, ఒక్కో టికెట్ మీద ఎంతసేపు పనిచేశారో రాయించండి. ఆ తర్వాత కొంటే, కొన్న రోజు నుంచే పనికొస్తుంది.

కుర్రాళ్లు రాయరు అంటారేమో. పెద్ద ఫారం ముందు పెడితే నిజంగానే రాయరు. కస్టమర్ పేరు, ఒక్క వాక్యంలో సమస్య, పట్టిన నిమిషాలు, ఈ మూడే అడగండి. మిగతావి మీరే నింపుకోవచ్చు. జోహో డెస్క్‌కు వాట్సాప్ బిజినెస్ నంబరును కలుపుకోవచ్చు. కస్టమర్లందరికీ ఆ ఒక్క నంబరే ఇస్తే సందేశాలు వాటంతటవే టికెట్లవుతాయి. కుర్రాళ్ల సొంత నంబర్లకు వచ్చే ఫోన్లు ఒక్కరోజులో ఆగవు. పాత కస్టమర్ అలవాటు మానడానికి టైము పడుతుంది, ఆయనతో మొహమాటం లేకుండా ఒకసారి మీరే మాట్లాడాలి. ఈ పని బావగారికో మీకో తప్ప కింది కుర్రాడికి అప్పగించకండి. కస్టమర్‌కు ‘ఆఫీసు నంబరుకు చెయ్యండి సార్’ అని చెప్పే ధైర్యం అతనికి ఉండదు.

మీకు నచ్చిన అమెరికా సాఫ్ట్‌వేర్‌ను ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. అలాంటివి నిజంగా మంచివే. ఆ కోవలో పేరున్న బ్రైట్‌గేజ్‌నే తీసుకోండి. మయామీలో 2011లో మొదలైంది, 2020లో కనెక్ట్‌వైజ్ అనే కంపెనీ కొనేసింది. వీటి బలమంతా ముందే చేసిపెట్టిన కొలతల్లో ఉంది. కనెక్ట్‌వైజ్, ఆటోటాస్క్ లాంటి పీఎస్‌ఏలో (సర్వీసు సంస్థ పనంతా నడిపే సాఫ్ట్‌వేర్‌లో) టికెట్లు, పనిగంటలు, కాంట్రాక్టులు, బిల్లులు అన్నీ ఒకేచోట ఉంటాయి. అలాంటిది వాడేవాళ్లకు కనెక్షన్ ఇచ్చిన రోజే ఏ కస్టమర్ మీద ఎంత మిగులుతోందో తెర మీదకు వచ్చేస్తుంది. మీ దగ్గర టికెట్లు ఒకచోట, బిల్లులు ట్యాలీలో ఉన్నాయి, పనిగంటలు ఎక్కడా లేవు. డెమోలో మీరు చూసిన అందమంతా వాళ్ల నమూనా డేటాది. మీ డేటా పెడితే సగం పెట్టెలు ఖాళీగా ఉంటాయి. రేపు మీరు సూపర్‌ఆప్స్, హేలో పీఎస్‌ఏ లాంటి పీఎస్‌ఏకి మారితే అప్పుడు మళ్లీ ఆలోచించండి. పైగా డాలర్లలో బిల్లు వేసే విదేశీ కంపెనీ నుంచి కొంటే జీఎస్టీ రివర్స్ ఛార్జి కింద మీరే కట్టాలి. క్రెడిట్ తిరిగి వస్తుంది, కానీ ముందు చేతి డబ్బు పెట్టుకోవాలి. ఇది మీ ఆడిటర్ చెవిన వేయండి.

పవర్ బీఐ సంగతి బావగారికి చెప్పండి. ఉచితంగా వచ్చేది డెస్క్‌టాప్ ప్రోగ్రామ్. ఒకే కంప్యూటర్లో కూర్చుని రిపోర్టు తయారుచేసి చూసుకోవడం వరకూ రూపాయి అక్కర్లేదు. దాన్ని ఇంకొకరితో పంచుకోవాలంటే మామూలు ఏర్పాటులో పంచేవారికీ చూసేవారికీ ఇద్దరికీ ప్రో లైసెన్సు ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి దాని జాబితా ధర మనిషికి నెలకు 14 డాలర్లు, అంతకుముందు 10 ఉండేది. ఆ లైసెన్సులో డేటా రోజుకు 8 సార్లే రిఫ్రెష్ అయ్యేలా పెట్టుకోగలం. నెల రిపోర్టుకు అది బోలెడు, గోడ మీద టీవీకి మాత్రం చాలదు. ‘పబ్లిష్ టు వెబ్’ అని ఒక ఉచిత దారి కనిపిస్తుంది. కస్టమర్ల డేటాకు దాన్ని ఎప్పుడూ వాడకండి. ఆ లింకు దొరికినవాళ్లెవరైనా పాస్‌వర్డు లేకుండా చూడగలరు.

ఖర్చు సంగతి అలా ఉంచినా, పవర్ బీఐకి డాక్స్ అనే దాని లెక్కల భాషలో సూత్రాలు రాయగల మనిషి కావాలి. మీ 11 మందిలో ఒక చురుకైన కుర్రాడు నేర్చుకుంటాడు, బ్రహ్మాండంగా చేస్తాడు, ఏడాది తిరిగేసరికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది, వెళ్లిపోతాడు. అతను రాసిన సూత్రాలు ఎవరికీ అర్థం కావు. చిన్న సంస్థల్లో డ్యాష్‌బోర్డులు ఎక్కువగా ఇలాగే మూలనపడతాయి. జోహో అనలిటిక్స్‌లో ఆ బాధ తక్కువ. జోహో డెస్క్‌కు నేరుగా కనెక్టర్ ఉంది, ట్యాలీ నుంచి ఎక్సెల్‌గా తీసినది ఎక్కించుకోవచ్చు, ఆర్‌ఎంఎం నుంచి రోజుకోసారి సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టిక) పెట్టినా సరిపోతుంది. ఎవరైనా మెటాబేస్ అనే డ్యాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ ఉచితం అని చెబితే అదీ నిజమే. కానీ సర్వర్ మీరే పెట్టుకోవాలి, ఏ కస్టమర్ డేటా ఆ కస్టమర్‌కే కనిపించేలా వరుసల స్థాయిలో తాళం వేసే సౌకర్యం డబ్బు కట్టే వెర్షన్లోనే ఉంది. గ్రఫానా అనే మరో డ్యాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ నెట్‌వర్కు లింకులు, సర్వర్ల లోడు చూసుకోవడానికి చాలా మంచిది, టికెట్ల లెక్కకూ డబ్బు లెక్కకూ దాన్ని పట్టుకుని తంటాలు పడొద్దు.

ఇక డ్యాష్‌బోర్డులో మొట్టమొదట ఏం పెట్టాలి? అందరూ టికెట్ల సంఖ్యతో మొదలుపెడతారు. మీరు కంప్యూటర్ల సంఖ్యతో మొదలుపెట్టండి. ట్యాలీలో ఫలానా కస్టమర్‌కు ఎన్ని కంప్యూటర్లకు బిల్లు వేశారు, ఆర్‌ఎంఎంలో అదే కస్టమర్ కింద ఎన్ని ఉన్నాయి, రెండూ పక్కపక్కన. మీరు సుమారు 900 అన్నారు, ఆ ‘సుమారు’ దగ్గరే డబ్బు పోతుంది. కాలేజీ కొత్త ల్యాబ్ పెడుతుంది, మీ కుర్రాడు వెళ్లి ఆర్‌ఎంఎంకి సమాచారం పంపే ఏజెంట్ ప్రోగ్రామ్ ఎక్కించి వస్తాడు, బిల్లు వేసేవారికి ఆ కబురు అందదు. కంప్యూటర్‌కు 350 రూపాయలనుకుంటే, లెక్కలో లేని 40 కంప్యూటర్ల మీద నెలకు 14,000. దీనికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, ఈ వారమే ఎక్సెల్‌లో చూసుకోవచ్చు.

తేడా రెండో వైపు కూడా ఉంటుంది. బిల్లులో ఉండి ఆర్‌ఎంఎంలో కనపడనివి. వీటికి మీరు డబ్బు తీసుకుంటున్నారు కానీ కాపలా కాయడం లేదు. ఏజెంట్ పనిచేయడం మానేసిన కంప్యూటర్ చాలా డ్యాష్‌బోర్డుల్లో ఎర్రగా కనపడదు, లెక్కలోంచే మాయమైపోతుంది. ‘98 శాతం కంప్యూటర్లకు ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) వేశాం’ అన్నప్పుడు ఆ 98 దేని మీద అని అడగాలి. కనిపించేవాటి మీదా, కాంట్రాక్టులో రాసుకున్నవాటి మీదా? ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చే దారి ఆ కనిపించని యంత్రమే కావచ్చు. అందుకే ‘14 రోజులుగా జాడలేనివి’ అని ఒక పెట్టె తప్పకుండా పెట్టుకోండి. బ్యాకప్ విషయం కూడా ఇంతే. ‘విజయవంతం’ అన్న పచ్చరంగు పక్కన, దాన్నుంచి ఫైలు వెనక్కి తీసి చూసిన చివరి తేదీ ఉండాలి. ఆ తేదీ ఖాళీగా ఉంటే పచ్చరంగును నమ్మకండి.

రెండోది పనిగంటలు. ఇది ఊహా లెక్కే, మీ అంకెలు పెట్టి చూసుకోండి. ఆస్పత్రిలో 60 కంప్యూటర్లు, నెలకు 21,000 వస్తుంది. మీ కుర్రాళ్లు అక్కడ 70 గంటలు పెడుతున్నారు. ఒక టెక్నీషియన్ మీద జీతం, ఇతర ఖర్చులు కలిపి నెలకు 35,000 అనుకుంటే, పనిచేసే 160 గంటలకు గంటకు సుమారు 220 పడుతుంది. 70 గంటలకు 15,400. లైసెన్సులకు కంప్యూటర్‌కు 50 చొప్పున 3,000. పెట్రోలుకు 2,500. మొత్తం 20,900. మిగిలింది నూరు రూపాయలు. అదే ఆడిటర్ ఆఫీసులో 12 కంప్యూటర్లు, 4,200 వస్తుంది, నాలుగు గంటల పని 880, లైసెన్సులు 600, మిగిలేది 2,720. రెన్యువల్ కోసం ఇంత ఆరాటపడుతున్న ఆస్పత్రి మీకు ఏం మిగులుస్తోందో తెలియకుండా రేటు మాట్లాడటానికి కూర్చోకండి. మీ వ్యాపారంలో డ్యాష్‌బోర్డు తన ఖర్చు తాను రాబట్టేది ఈ ఒక్క లెక్క వల్లే. నిమిషాలు రాయకపోతే ఇది ఎప్పటికీ రాదు.

సగటు అంకెల దగ్గర జాగ్రత్త. పది టికెట్లలో తొమ్మిది అరగంటలో అయిపోయి, ఒకటి 40 పనిగంటలు సాగిందనుకోండి. సగటు 4 గంటల 27 నిమిషాలు. ఆ కస్టమర్ దగ్గర అంత సమయం పట్టిన టికెట్ ఒక్కటీ లేదు. నడిమి విలువ తీస్తే అరగంట, అది చూసి కస్టమర్ కోపానికి కారణం ఏమిటో మీకు అర్థం కాదు. అందుకని ‘నాలుగు గంటలు దాటినవి ఎన్ని, అవేవి’ అని చూపించండి. అంకె మీద నొక్కితే ఆ టికెట్ తెరుచుకోవాలి. డెమో ఇచ్చేవాళ్లను ఇదే అడగండి. వాళ్ల నమూనా పక్కన పెట్టించి మీ పోయిన నెల డేటా ఎక్కించమనండి, ఒక కస్టమర్‌ను తీసుకుని ఇరవై టికెట్లు చేత్తో లెక్కపెట్టి సరిచూడండి. అక్కడ తేడా వస్తే తక్కిన పెట్టెల సంగతి చూడక్కర్లేదు.

తేడాలు ఎక్కడ వస్తాయో కూడా చెబుతాను. చాలా సాఫ్ట్‌వేర్లు ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకొకటి డేటా తీసుకునే దారి) ద్వారా సమయాన్ని యూటీసీలో, అంటే మన టైముకన్నా ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయంలో ఇస్తాయి. ఆస్పత్రి రాత్రి డ్యూటీలో ఒకటో తారీఖు తెల్లవారుజామున నాలుగింటికి పెట్టిన టికెట్, యూటీసీ ప్రకారం ముందు రోజు రాత్రి పదిన్నరకు పడుతుంది. అంటే పోయిన నెల లెక్కలోకి వెళ్లిపోతుంది. ఐదున్నర గంటలు కలిపే సెట్టింగు ఎక్కడుందో మొదటిరోజే కనుక్కోండి. ఇంకొకటి, ‘కస్టమర్ జవాబు కోసం ఆగింది’ అన్న స్థితిలో గడియారం ఆగుతోందా లేదా అన్నది. ఆపితే మీ అంకెలు అందంగా ఉంటాయి, ఆస్పత్రి ఒప్పుకోకపోవచ్చు. మరో సంగతి, ప్యాచ్‌ల పరిస్థితిని ఆర్‌ఎంఎంలు ఎక్కువగా ఈరోజు ఎలా ఉందో అదే చూపిస్తాయి. పోయిన నెలాఖరున ఎలా ఉందో కావాలంటే అప్పుడే తీసి దాచుకుని ఉండాలి. రోజూ ఒక సీఎస్‌వీ దాచే పని ఈరోజే మొదలుపెట్టండి, మీరు ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ ఫైళ్లు మీ సొంతం. ఈ పరిశ్రమలో కంపెనీలు చేతులు మారుతూనే ఉంటాయి. ఆటోటాస్క్ 2017లో డాటో అనే కంపెనీతో కలిసిపోయింది, డాటోను 2022లో కసేయా అనే కంపెనీ కొన్నది. మీ పాత లెక్కలు మీ దగ్గరుంటే ఎవరు ఎవరిని కొన్నా మీకు భయం లేదు.

ఇప్పుడు చెప్పేది మీరిద్దరూ కలిసి చదవండి. డ్యాష్‌బోర్డు కంపెనీ మీ ఆర్‌ఎంఎంకి ఏపీఐ కీ (లోపలికి రానిచ్చే పాస్‌వర్డు లాంటిది) అడుగుతుంది. తొందరలో అడ్మిన్ కీ ఇచ్చేస్తారు చాలామంది. ఆర్‌ఎంఎం అంటే 900 కంప్యూటర్ల మీద ఏ ప్రోగ్రామ్ అయినా నడిపించగల అధికారం. 2021 జులై 2న కసేయా వీఎస్‌ఏ అనే ఆర్‌ఎంఎంలోని లోపాన్ని పట్టుకుని రెవిల్ ముఠా రాన్సమ్‌వేర్ వదిలింది. నేరుగా దెబ్బతిన్న కసేయా కస్టమర్లు 60 లోపే, వాళ్లలో ఎక్కువమంది మీలాంటి సర్వీసు సంస్థలే. వాళ్ల ద్వారా దాదాపు 1,500 వ్యాపారాల దాకా దెబ్బ తగిలిందని కసేయానే చెప్పింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న కీ వేరుగా చేసి ఇవ్వండి. మీ ఆర్‌ఎంఎంలో అలాంటి కీ చేసే వీలు లేకపోతే కీ ఇవ్వడం మానేసి సీఎస్‌వీతోనే నడపండి.

ఆస్పత్రి డేటాలో మరో మెలిక ఉంది. ‘ఫలానా ఆవిడ స్కాన్ రిపోర్టు ప్రింటు రావట్లేదు’ అని నర్సు టికెట్ పెడుతుంది. రోగి పేరూ, ఆమె ఏ పరీక్ష చేయించుకుందో కూడా టికెట్ శీర్షికలోకి వచ్చేశాయి. ఆ శీర్షిక మీ గోడ మీద టీవీలో తిరుగుతుంటే, కాఫీ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడూ చదువుతాడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం స్ఫూర్తి ప్రకారం చూసినా, మామూలు మర్యాద ప్రకారం చూసినా అది తప్పు. డ్యాష్‌బోర్డులోకి టికెట్ నంబరు, కస్టమర్, రకం, సమయాలు మాత్రమే వెళ్లేలా పెట్టండి, శీర్షిక వదిలేయండి. లాగ్‌లు (కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలు) దాచే పనిని కూడా డ్యాష్‌బోర్డుకు అప్పగించకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, ఆదేశంలో పేర్కొన్న రకం సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి. ఆ లాగ్‌లకు వేరే చోటు ఉండాలి.

టీవీ ఎలాగూ బిగించారు కాబట్టి దాన్ని వాడండి. ఇంకా ఎవరూ తీసుకోని టికెట్లు, గడువు దగ్గరపడినవి, ఏ కస్టమర్ సర్వర్ పడిపోయింది, రాత్రి ఏ బ్యాకప్ తప్పింది, ఈ నాలుగు చాలు. ఎవరు ఎన్ని టికెట్లు మూశారో పేర్లతో మాత్రం వేయకండి. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ, అదుపు కోసం వాడటం మొదలుపెట్టగానే ఏ గణాంకమైనా పట్టు తప్పుతుందన్నాడు. మీ ఆఫీసులో అది ఇలా జరుగుతుంది: పాస్‌వర్డు మార్చే టికెట్లను అందరూ ఎగబడి తీసుకుంటారు, నాలుగు గంటలు తినే సర్వర్ పనిని ఎవరూ ముట్టుకోరు, పని కాకముందే మూసి మళ్లీ కొత్త టికెట్ తెరుస్తారు. ఓపిగ్గా సర్వర్ దగ్గర కూర్చున్న మీ మంచి టెక్నీషియన్ పేరు పట్టికలో అందరికన్నా కింద కనిపిస్తుంది. అతను మాట్లాడకుండా వేరే ఉద్యోగం చూసుకుంటాడు. మనుషుల గురించిన అంకెలు మీరూ ఆ మనిషీ నెలకోసారి పక్కన కూర్చుని చూసుకోండి.

ఆస్పత్రి రిపోర్టుకు డ్యాష్‌బోర్డు లాగిన్ ఇవ్వాల్సిన పని లేదు. వాళ్లు అడిగింది నెలకొక రిపోర్టు. ఒక్క పేజీ పీడీఎఫ్ చాలు. వచ్చిన టికెట్లు, గడువులో అయినవి, గడువు దాటినవి ఎందుకు దాటాయో ఒక్కో వాక్యం, ప్యాచ్‌ల స్థితి, బ్యాకప్ పరీక్ష తేదీ, వచ్చే నెల మార్చాల్సిన పాత కంప్యూటర్లు. తప్పినవాటిని దాచకుండా మీరే ముందు రాయండి, వార్డులో వాళ్లకు అవి ఎలాగూ తెలుసు. మొదటి రిపోర్టు పంపడానికి ముందు వాళ్ల ఐటీ చూసే మనిషితో అరగంట కూర్చోండి. రాత్రి డ్యూటీ టికెట్‌కు గడువు ఎంత, విడిభాగం రావాల్సి ఉంటే గడియారం ఆగుతుందా, పని అయిందని ఎవరు ఒప్పుకుంటే టికెట్ మూయాలి, ఈ మూడూ కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. రెన్యువల్ ఒప్పందానికి ఆ కాగితాన్నే అనుబంధంగా జతచేయమని అడగండి.